ఒకే దేశం - ఒకే చందా: యూనివర్సిటీ లైబ్రరీలో ఇప్పుడు ఏం దొరుకుతుంది, ఎవరికి దొరకదు?

పరిశోధన చేస్తున్నవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. కావాల్సిన వ్యాసం గూగుల్ స్కాలర్‌లో కనిపిస్తుంది. శీర్షిక, సారాంశం చదవొచ్చు. పూర్తి పాఠం కోసం నొక్కితే 30 డాలర్లో, అంతకన్నా ఎక్కువో కట్టమంటుంది. అదే వ్యాసం ఐఐటీలో చదివే స్నేహితుడికి ఒక్క క్లిక్‌తో తెరుచుకుంటుంది. తేడా చదువులోనో తెలివిలోనో లేదు. అక్కడి లైబ్రరీ ఆ జర్నల్‌కు చందా కట్టింది, ఇక్కడి లైబ్రరీ కట్టలేదు.

ఈ తేడాను చెరిపేయడానికి కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకమే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'. దేశం మొత్తానికీ కలిపి ఒకే చందా. 2025 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. అయితే చందా కట్టినంత మాత్రాన వ్యాసం విద్యార్థి తెరమీదకు రాదు. మధ్యలో కళాశాల రిజిస్ట్రేషన్, లాగిన్ ఐడీ, దాన్ని ఇచ్చే లైబ్రేరియన్ ఉన్నారు. మరోవైపు దేశంలో చదువుకునేవారిలో సగానికి పైగా ఈ పథకం గీతకు అవతలే ఉన్నారు.

పథకం ఎలా పనిచేస్తుంది, యూనివర్సిటీ లైబ్రరీ నుంచి విద్యార్థులు, అధ్యాపకులు ఇంకా ఏయే సేవలు పొందవచ్చు, లోటు ఎక్కడ ఉంది అన్నది ఈ కథనంలో చూద్దాం.

పథకంలో ఏముంది?

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఈ పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 ఈ-జర్నళ్లు ఇందులో ఉన్నాయి. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ, టేలర్ అండ్ ఫ్రాన్సిస్, సేజ్, ఐఈఈఈ, అమెరికన్ కెమికల్ సొసైటీ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌ల వంటి పెద్ద పేర్లన్నీ ఈ జాబితాలో కనిపిస్తాయి.

6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలు, పరిశోధన సంస్థలు, వాటిలోని సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు లబ్ధి పొందుతారని ప్రభుత్వం చెబుతోంది. ఏడాదికి రూ.2,000 కోట్ల చొప్పున లెక్కవేస్తే తలకు దాదాపు రూ.1,100 పడుతుంది. ఒక విదేశీ వ్యాసాన్ని విడిగా కొంటే అయ్యే ఖర్చు కన్నా ఇది తక్కువే. అయితే అర్హులందరూ వాడుకున్నప్పుడే ఈ లెక్కకు అర్థం ఉంటుంది.

పథకాన్ని నడిపే బాధ్యత ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది. గుజరాత్‌లోని గాంధీనగర్ కేంద్రంగా పనిచేసే ఈ సంస్థ 1991లో యూజీసీ ప్రాజెక్టుగా మొదలై, 1996లో స్వతంత్ర అంతర విశ్వవిద్యాలయ కేంద్రమైంది. ఏ సంస్థ ఎంత వాడుకుంటోంది, భారతీయ పరిశోధకుల వ్యాసాలు ఎన్ని వస్తున్నాయి అన్నది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఎప్పటికప్పుడు సమీక్షిస్తుంది.

ఇంతకుముందు ఎలా ఉండేది?

కొన్ని సంస్థలు కలిసి బేరమాడి జర్నళ్లకు చందా కట్టుకోవడం మనకు కొత్త కాదు. విశ్వవిద్యాలయాల కోసం యూజీసీ-ఇన్ఫోనెట్ డిజిటల్ లైబ్రరీ కన్సార్షియంను 2003 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. సాంకేతిక విద్యా సంస్థలకు ఇండెస్ట్, కళాశాలలకు ఎన్-లిస్ట్ పేరుతో వేరే ఏర్పాట్లు ఉండేవి. 2015లో ఈ మూడింటినీ కలిపి ఈ-శోధ్‌సింధు చేశారు. వైద్యం, వ్యవసాయం, శాస్త్ర పరిశోధన మండళ్లకు వాటి మంత్రిత్వ శాఖల కింద వేరే కన్సార్షియాలు నడిచేవి. ఇలాంటివి మొత్తం పది ఉండేవి.

దీంతో ఒకే జర్నల్‌కు ప్రభుత్వం అనేక చేతులతో డబ్బు కట్టేది. అయినా చాలా సంస్థలకు అది అందేది కాదు. రసాయన శాస్త్ర సంస్థకు వైద్య జర్నల్ ఉండదు, సాంఘిక శాస్త్రాల విభాగానికి గణాంక శాస్త్రం జర్నల్ ఉండదు. బేరమంతా ఒకచోట నుంచి ఆడితే ధర తగ్గుతుందని, అందరికీ అన్నీ దొరుకుతాయని దేశంలోని సైన్స్ అకాడమీలు 2019లో సూచించాయి. 2020 చివర్లో వచ్చిన జాతీయ సైన్స్, టెక్నాలజీ విధానం ముసాయిదాలోకి ఆ ఆలోచన ఎక్కింది.

పొరుగు దేశాల దారులు వేరు. పాకిస్తాన్ ఉన్నత విద్యా కమిషన్ రెండు దశాబ్దాలుగా నేషనల్ డిజిటల్ లైబ్రరీ నడుపుతోంది. నేపాల్, బంగ్లాదేశ్ సంస్థలకు ఐక్యరాజ్యసమితి సంస్థల భాగస్వామ్యంతో నడిచే 'రీసెర్చ్4లైఫ్' ద్వారా ఉచితంగానో, నామమాత్రపు ధరకో జర్నళ్లు అందుతాయి. ఆ రాయితీ జాబితాలో భారత్ లేదు. అందుకే మనకు బేరమాడి కొనుక్కోవడం తప్ప మార్గం లేకపోయింది.

ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు?

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల యాజమాన్యంలోని ఉన్నత విద్యా సంస్థలకు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకు పథకం వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర, కాకతీయ వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ, మనూ, ఐఐటీలు, ఎన్ఐటీలు, ప్రభుత్వ డిగ్రీ, వైద్య, ఇంజినీరింగ్ కళాశాలలు ఈ కోవలోకి వస్తాయి.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, ప్రైవేటు కళాశాలలు మొదటి దశలో లేవు. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నంత మాత్రాన ప్రైవేటు కళాశాలకు అర్హత రాదు. విద్యార్థి చేతికి వచ్చే డిగ్రీ మీద ప్రభుత్వ యూనివర్సిటీ ముద్ర ఉంటుంది కానీ, ఆ యూనివర్సిటీ క్యాంపస్ విద్యార్థికి తెరుచుకునే జర్నల్ అతనికి తెరుచుకోదు.

ఈ మినహాయింపు చిన్నదేమీ కాదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో ఉన్నారు. పథకం లెక్కలోని 1.8 కోట్లలో అధ్యాపకులు, శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు. అంటే విద్యార్థుల్లో సగానికి పైగా బయటే మిగిలారు. కళాశాలల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటు యాజమాన్యాలవే. ఇంజినీరింగ్ చదువు దాదాపుగా ప్రైవేటు కళాశాలల మీదే నడిచే తెలుగు రాష్ట్రాలకు ఈ సంగతి మరింత సూటిగా తగులుతుంది.

రెండో దశలో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో ప్రైవేటు సంస్థలకు, మూడో దశలో ఎంపిక చేసిన పౌర గ్రంథాలయాల ద్వారా సాధారణ ప్రజలకు కూడా అందుబాటులోకి తేవాలన్నది ప్రతిపాదన.

ఒక వెసులుబాటు మాత్రం చాలామంది గమనించరు. ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి నమోదైనవారు ఎందరో ఉన్నారు. పనిచేసే కళాశాల ద్వారా వారికి జర్నళ్లు రావు. పరిశోధక విద్యార్థిగా నమోదైన విశ్వవిద్యాలయం లైబ్రరీని మాత్రం లాగిన్ అడగవచ్చు. పార్ట్‌టైమ్ అయినా ఆ విశ్వవిద్యాలయం విద్యార్థే కదా.

వాడుకోవడం ఎలా?

మొదట చూడాల్సింది, సంస్థ పేరు పథకం పోర్టల్‌లో నమోదైందా లేదా అన్నది. ప్రతి సంస్థా ఒక నోడల్ అధికారిని నియమించుకోవాలి. సాధారణంగా లైబ్రేరియనే ఆ బాధ్యత చూస్తారు. లైబ్రేరియన్ లేని కళాశాలలో ఏదో ఒక అధ్యాపకుడికి అప్పగిస్తారు. ఆ అధికారి ఎవరో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

క్యాంపస్‌లో ఉన్నప్పుడు సంస్థ ఐపీ చిరునామాను బట్టి జర్నళ్లు నేరుగా తెరుచుకుంటాయి. విడిగా పాస్‌వర్డ్ అక్కర్లేదు. హాస్టల్ వైఫై ఆ ఐపీ పరిధిలో లేకపోతే లైబ్రరీలో తెరుచుకున్నది గదిలో తెరుచుకోకపోవచ్చు. ఇంటి నుంచి, ఫీల్డ్‌వర్క్ నుంచి చూడాలంటే 'ఇన్‌ఫెడ్' అనే లాగిన్ వ్యవస్థలో ఖాతా కావాలి. దాన్ని నోడల్ అధికారి సృష్టించి ఇస్తారు. ప్రచురణ సంస్థ వెబ్‌సైట్‌లో 'సంస్థ ద్వారా లాగిన్' అన్న చోట విశ్వవిద్యాలయం పేరు ఎంచుకుని, ఆ వివరాలతో లోపలికి వెళ్లాలి.

జాగ్రత్త పడాల్సిన విషయం మరొకటి ఉంది. ఒక జర్నల్ సంచికలన్నీ వరసపెట్టి దించుకోవడం, దానికోసం సాఫ్ట్‌వేర్లు వాడటం ఒప్పందాలకు విరుద్ధం. అలా జరిగినట్టు గుర్తిస్తే ప్రచురణ సంస్థ ఆ ఒక్కరినే కాదు, సంస్థ మొత్తాన్నీ తాత్కాలికంగా ఆపేయవచ్చు. ఒకరి అత్యాశకు క్యాంపస్ అంతా ఇబ్బంది పడుతుంది. పాస్‌వర్డ్ బయటివారికి ఇవ్వడమూ ఇలాంటిదే.

ఇది ప్రధానంగా జర్నళ్ల పథకం. పాఠ్యపుస్తకాలు, ఈ-బుక్స్, స్కోపస్ వంటి డేటాబేస్‌లు ఇందులో భాగం కాదు. వాటికి విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ సొంత నిధులు వెచ్చించాల్సిందే. జర్నళ్ల భారం తగ్గింది కాబట్టి ఆ మేరకు మిగిలిన డబ్బు పుస్తకాలకు మళ్లుతుందా, లేక లైబ్రరీ బడ్జెట్‌లోనే కోత పడుతుందా అన్నది ప్రతి సంస్థలోనూ అడగాల్సిన ప్రశ్న.

శోధ్‌గంగ: సిద్ధాంత గ్రంథాల ఖజానా

ప్రైవేటు, ప్రభుత్వ తేడా లేకుండా ఎవరైనా వాడుకోగలిగిన పెద్ద వనరు శోధ్‌గంగ. దేశంలోని విశ్వవిద్యాలయాల్లో ఆమోదం పొందిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇక్కడ పూర్తి పాఠంతో ఉంచుతుంది. లాగిన్ అక్కర్లేదు, రుసుము లేదు. యూజీసీ 2009 నిబంధనలు థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి చేశాయి. 2016 నిబంధనలు దాన్ని మళ్లీ నొక్కి చెప్పాయి. ఇప్పుడు ఇందులో 5 లక్షలకు పైగా గ్రంథాలు ఉన్నాయి. తెలుగు సాహిత్యం, భాషాశాస్త్రం, జానపద విజ్ఞానంపై తెలుగులోనే రాసిన సిద్ధాంత గ్రంథాలూ దొరుకుతాయి.

అంతకుముందు విశాఖలో సమర్పించిన థీసిస్ చూడాలంటే వరంగల్ విద్యార్థి రైలెక్కాల్సిందే. ఎవరేం రాశారో తెలియక ఒకే అంశంపై మళ్లీ మళ్లీ డిగ్రీలు పుట్టేవి. ఇప్పుడు అంశం ఎంచుకునే ముందే శోధ్‌గంగలో వెతకడం పరిశోధకుడు చేయాల్సిన మొదటి పని. ఆమోదం పొందిన పరిశోధన ప్రతిపాదనల కోసం 'శోధ్‌గంగోత్రి' అనే మరో భాండాగారం ఉంది. ఇంకా పూర్తికాని పనుల ఆచూకీ అక్కడ దొరుకుతుంది.

లోపం లేకపోలేదు. పాత థీసిస్‌లు చాలావరకు కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మలే. తెలుగు పాఠంలో పదం కొట్టి వెతికితే దొరకదు. శీర్షికలను రోమన్ లిపిలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఎక్కించడంతో ఉన్న గ్రంథం కూడా కనబడకుండా పోతుంది. రచయిత పేరుతోనో, గైడ్ పేరుతోనో, విభాగం పేరుతోనో విడివిడిగా వెతకడం మంచిది.

ఎంత పోలిక ఉంటే తప్పు?

థీసిస్ సమర్పించే ముందు లైబ్రరీ గడప తొక్కడం అనివార్యమైంది. కారణం, పోలిక తనిఖీ. 2019 సెప్టెంబరు నుంచి 'శోధ్‌శుద్ధి' పేరుతో ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయాలకు గ్రంథచౌర్యాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. చాలాచోట్ల నివేదిక ఇచ్చేది లైబ్రరీయే.

యూజీసీ 2018 నిబంధనల్లో నాలుగు స్థాయిలు ఉన్నాయి. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాదిపాటు మళ్లీ సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అధ్యాపకులకూ మినహాయింపు లేదు. ఇంక్రిమెంట్ల కోత, కొన్నేళ్లపాటు కొత్త పరిశోధక విద్యార్థులను తీసుకోకుండా నిషేధం వంటివి ఉన్నాయి.

మూలం పేర్కొంటూ అనుమతి మేరకు ఇచ్చిన ఉల్లేఖనలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాల పాఠం, ప్రామాణిక సమీకరణాలు ఈ లెక్కలోకి రావు. వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినా పట్టించుకోరు. ఈ మినహాయింపులు తీసేయకుండా నివేదిక తీస్తే శాతం ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి నివేదికలో ఏవేవి మినహాయించారో లైబ్రరీ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్ చెప్పేది పోలిక మాత్రమే. అది చౌర్యమా కాదా అన్నది తేల్చాల్సింది మనుషులే.

మరికొన్ని సేవలు

నేషనల్ డిజిటల్ లైబ్రరీ: ఐఐటీ ఖరగ్‌పూర్ అభివృద్ధి చేసిన ఈ వేదికను 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. పాఠశాల పుస్తకాల నుంచి పరిశోధన పత్రాల దాకా, అనేక భారతీయ భాషల్లో, ఎక్కడెక్కడో ఉన్నవాటిని ఒకేచోట వెతికే వీలు కల్పిస్తుంది. ఎవరైనా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

ఎన్-లిస్ట్: కళాశాలల కోసం రూపొందింది. వార్షిక రుసుము కట్టిన కళాశాలల అధ్యాపకులకు, విద్యార్థులకు విడివిడిగా ఐడీలు ఇస్తారు. పెద్ద సంఖ్యలో ఈ-బుక్స్ ఉండటం దీని ప్రత్యేకత. ఒకే చందా పథకం వర్తించని కళాశాలలకు చౌకైన దారి ఇదే.

డెల్‌నెట్: 1988లో ఢిల్లీలో పుట్టిన గ్రంథాలయాల నెట్‌వర్క్. తమ లైబ్రరీలో లేని పుస్తకాన్ని మరో సభ్య లైబ్రరీ నుంచి తెప్పించుకునే వీలుంది. అభ్యర్థన లైబ్రరీ ద్వారానే వెళ్లాలి.

దృష్టిలోపం ఉన్నవారికి: అచ్చు పుస్తకం చదవలేనివారి కోసం బ్రెయిలీ, ఆడియో వంటి రూపాల్లోకి మార్చడాన్ని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ అనుమతిస్తుంది. ఇందుకు సంబంధించిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ధ్రువీకరించింది భారతదేశమే. 'సుగమ్య పుస్తకాలయ్' అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఇలాంటి పుస్తకాలు దొరుకుతాయి.

విద్యా సంవత్సరం మొదట్లో చాలా లైబ్రరీలు కొత్త విద్యార్థులకు పరిచయ తరగతులు పెడతాయి. ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి అయిన ఆగస్టు 12న, నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో డేటాబేస్‌ల వాడకంపై వర్క్‌షాపులు ఉంటాయి. పుస్తక ప్రదర్శన, వ్యాసరచన పోటీలతో సరిపెట్టకుండా ఆ వారంలో ప్రతి విద్యార్థికీ ఇన్‌ఫెడ్ ఐడీ చేతిలో పెట్టగలిగితే వారోత్సవాలకు అంతకు మించిన సార్థకత ఉండదు.

ఫొటోకాపీ నుంచి సై-హబ్ దాకా

జర్నళ్ల ధరలు, విద్యార్థుల అవసరాలు ఢీకొన్న చోట రెండు కేసులు గుర్తుంచుకోదగ్గవి.

ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఒక ఫొటోకాపీ దుకాణం, సిలబస్‌లోని అధ్యాయాలను పుస్తకాల నుంచి కాపీ తీసి కోర్స్ ప్యాక్‌లుగా అమ్మేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో కోర్టుకెక్కాయి. బోధన క్రమంలో చేసే కాపీలకు కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుందని 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా ఈ సూత్రాన్ని సమర్థిస్తూ, ఆ కోర్స్ ప్యాక్‌లు బోధనకు అవసరమైనవేనా అన్న అంశాన్ని మాత్రం విచారణకు పంపింది. 2017లో ప్రచురణ సంస్థలు దావాను వెనక్కి తీసుకున్నాయి.

రెండోది సై-హబ్ కేసు. చందా గోడలు దాటించి వ్యాసాలను ఉచితంగా ఇచ్చే ఈ సైట్‌పై ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. 2025 ఆగస్టులో కోర్టు ఆ సైట్‌ను నిలిపివేయాలని ఆదేశించింది. ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవారికి అప్పటికే ఒకే చందా పథకం ఉంది. దారి మూసుకుపోయింది ప్రైవేటు కళాశాలల వారికి, ఏ సంస్థకూ చెందని స్వతంత్ర పరిశోధకులకు.

అలాంటివారికి చట్టబద్ధమైన మార్గాలు కొన్ని మిగిలాయి. భౌతిక, గణిత శాస్త్రాలకు 'ఆర్కైవ్' ప్రిప్రింట్ భాండాగారం, వైద్యానికి 'పబ్‌మెడ్ సెంట్రల్', ఉచిత జర్నళ్ల చిరునామాలకు 'డీఓఏజే' ఉన్నాయి. 'అన్‌పేవాల్' అనే బ్రౌజర్ పరికరం ఏ వ్యాసానికైనా ఉచిత ప్రతి ఉంటే చూపిస్తుంది. భారతీయ సైన్స్ అకాడమీ జర్నళ్లు, 'కరెంట్ సైన్స్' అందరికీ ఉచితమే. రచయితకు ఈమెయిల్ రాసి ప్రతి అడగడం కూడా పరిశోధనా లోకంలో మర్యాదైన పద్ధతే. చాలామంది సంతోషంగా పంపుతారు.

తెలుగు పరిశోధకుడికి ఏం ఒరిగింది?

13,000 జర్నళ్లలో అత్యధికం ఆంగ్లంలోనివి. తెలుగు శాఖలో పరిశోధన చేసేవారికి సిద్ధాంత చర్చలకు, భాషాశాస్త్రానికి ఇవి కొంత ఉపయోగపడతాయి. ప్రాథమిక ఆధారాలు మాత్రం ఇందులో లేవు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన 'భారతి' సంచికలు, పాత వారపత్రికలు, చిన్న పట్టణాల ముద్రణాలయాల్లో అచ్చయిన పుస్తకాలు ఏ అంతర్జాతీయ సంస్థ చందాలోనూ రావు.

వాటి కోసం తెలుగువారు వేరే దారి వేసుకున్నారు. ప్రొఫెసర్ రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ప్రధాన పాత్ర పోషించింది. ఆ సైట్ మూతపడినా చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికి ఉన్నాయి. మిగతా వాటికోసం 1901లో హైదరాబాద్‌లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట్లకు ఇప్పటికీ వెళ్లాల్సిందే.

విదేశీ జర్నళ్లకు ఏడాదికి రూ.2,000 కోట్లు వెచ్చిస్తున్న దేశంలో, భారతీయ భాషల పాత పత్రికలను స్కాన్ చేసి, వెతకగలిగే పాఠంగా మార్చే పనికి ఆ స్థాయి జాతీయ పథకం లేదు. జర్నల్ ఈ ఏడాది కొనకపోతే వచ్చే ఏడాది కొనవచ్చు. చెదపట్టిన సంచికకు ఆ అవకాశం ఉండదు.

చందాపై విమర్శలు

పథకం మంచిదే అయినా దారి ఇదేనా అని ప్రశ్నించేవారు ఉన్నారు. ప్రజాధనంతో పరిశోధన జరుగుతుంది. శాస్త్రవేత్తలు వ్యాసాన్ని ఉచితంగా ఇస్తారు, తోటి శాస్త్రవేత్తలు ఉచితంగా సమీక్షిస్తారు. చివరికి అదే వ్యాసాన్ని చదవడానికి ప్రభుత్వం మళ్లీ డబ్బు కట్టాలి. ప్రపంచం ఉచిత ప్రచురణ వైపు కదులుతున్నప్పుడు చందాలకు ఇంత పెద్ద మొత్తం వెచ్చించడం వెనకడుగు అన్నది వారి వాదన. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన అందరికీ ఉచితంగా అందాలని అమెరికా ప్రభుత్వం 2022లో తమ సంస్థలను ఆదేశించింది. మన డీబీటీ, డీఎస్టీ శాఖలు 2014లోనే ఇలాంటి విధానం ప్రకటించాయి కానీ, అది కాగితం దాటి పెద్దగా ముందుకు సాగలేదు.

ఉచిత ప్రచురణలోనూ చిక్కు ఉంది. చదివేవారికి ఉచితమైన చోట రాసేవారు రుసుము కట్టాలి. పేరున్న జర్నళ్లలో అది లక్షల్లో ఉంటుంది. దీనికోసం ఏటా రూ.150 కోట్ల నిధిని పథకంలో చేర్చారు. వ్యాసం అంగీకారం పొందిన అధ్యాపకులు రుసుము కట్టే ముందు, ఆ జర్నల్ ఈ ఏర్పాటు పరిధిలో ఉందేమో లైబ్రరీలో వాకబు చేయడం మేలు.

2027 తర్వాత?

ప్రస్తుత కేటాయింపు 2027 డిసెంబరుతో ముగుస్తుంది. చందా అంటే అద్దె లాంటిదే. కొనసాగించకపోతే తలుపు మళ్లీ మూసుకుంటుంది. తర్వాతి విడత బేరం ఎలా సాగుతుందన్నది వాడకం లెక్కల మీద చాలావరకు ఆధారపడుతుంది. ఏ జర్నల్‌ను ఎవరు తెరిచారు, ఏ సంస్థ ఖాతా తెరిచి వదిలేసింది అన్నవన్నీ నమోదవుతున్నాయి. నమోదు చేసుకోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆ లెక్కలో సున్నాగా కనిపిస్తుంది. అక్కడి పిల్లలకు అవసరం లేక కాదు, ఇలాంటిదొకటి ఉందని వారికి ఎవరూ చెప్పక.

మూడో దశ ప్రతిపాదన నిజమైతే తెలుగు రాష్ట్రాలకు ఒక అనుకూలత ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఏర్పడిన జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. ఈ పఠనమందిరాలు ఇప్పుడు పోటీ పరీక్షల అభ్యర్థులతో కిటకిటలాడుతున్నాయి. వారిలో చాలామంది ప్రైవేటు కళాశాలల్లో చదివినవారే. ఆ బల్లల మీద నాలుగు కంప్యూటర్లు పెట్టి ఈ జర్నళ్లు అందుబాటులోకి తెస్తే, 'ఒకే దేశం' అన్న మాట వారికీ వర్తిస్తుంది. అంతవరకు ప్రభుత్వ కళాశాల విద్యార్థి చేయగలిగిన పని ఒకటుంది. లైబ్రరీకి వెళ్లి, మన కళాశాల నమోదైందా, నా లాగిన్ ఏది అని అడగడం.